శివారు డిగ్రీ కాలేజీకి అరవై ఏళ్లు: చరిత్ర రాయడానికి రికార్డులు ఎక్కడ, లెక్కలు ఎట్లా?

ప్రశ్న: వజ్రోత్సవం_పాలమూరు

అందరికీ నమస్కారం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం శివారున ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి అరవై ఏళ్లు నిండుతున్నాయి. పూర్వ విద్యార్థుల సంఘం తరఫున చరిత్ర పుస్తకం వేస్తున్నాం. 160 పేజీలు, ఐదు నెలల గడువు. ప్రిన్సిపాళ్ల ఫొటోలు, శుభాకాంక్షలతో నింపే సావనీర్ వద్దని కమిటీ మొత్తం ఒక్కమాట మీద ఉంది. కాలేజీ ఎట్లా పుట్టింది, ఎట్లా పెరిగింది, ఏ ఊళ్ల పిల్లలు చదువుకున్నారు అన్నది ఆధారాలతో రాయాలి.

చిక్కులు నాలుగు. గేటు బోర్డు మీద 1966 అని ఉంది, ఫైల్లో దొరికిన జీవో నకలు 1965 నాటిది, మెయిన్ బ్లాక్ శిలాఫలకం 1971 అంటోంది. మొదట్లో క్లాసులు బజార్లోని హైస్కూల్ గదుల్లో నడిచాయని పెద్దలు చెబుతున్నారు. ఇందులో స్థాపన ఏడాది ఏది? రెండోది, ఒకే ఏడాదికి విద్యార్థుల సంఖ్య వార్షిక నివేదికలో ఒకటి, కేంద్రం చేసే ఉన్నత విద్య సర్వే ఐషేలో ఒకటి, డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి దోస్త్‌లో ఇంకొకటి. మూడోది, స్థలం తమ తాత ఇచ్చిందని మూడు కుటుంబాలు అంటున్నాయి. నాలుగోది, అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులు పుస్తకానికి ‘ఒక శివారు కమ్యూనిటీ కాలేజీ ప్రస్థానం’ అని పేరు పెట్టమంటున్నారు. ఆ మాట మనకు నప్పుతుందా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: రికార్డుగది

మూడు ఏళ్లూ నిజమే అయి ఉండొచ్చు, ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతోంది కాబట్టి. 1965 మంజూరు, 1971 సొంత భవనం. ఇక 1966 ఎక్కడిదంటే, చాలా కాలేజీల్లో జరిగేదే: కాగితం మీద ‘1965-66 విద్యా సంవత్సరం’ అని ఉన్నది బోర్డు మీదికి వచ్చేసరికి రెండో అంకె ఒక్కటే మిగులుతుంది. దాన్ని నమ్మే ముందు మొదటి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకటో నంబరు పక్కన తేదీ చూడండి. తరగతులు మొదలైన సంగతికి అంతకు మించిన రుజువు లేదు.

అప్పట్లో కొత్త ప్రభుత్వ కాలేజీ పుట్టాలంటే కాగితాలు ఒక వరుసలో నడిచేవి. ముందు విద్యాశాఖ జీవో. తర్వాత పోస్టుల మంజూరు, ప్రిన్సిపాల్ చేరిక. దాని వెంట ఉస్మానియా యూనివర్సిటీ తాత్కాలిక అనుబంధ గుర్తింపు. అందులో ఏ కోర్సుకు ఎన్ని సీట్లో ఉంటుంది. ఆ పైన అడ్మిషన్లు. నాలుగింటి తేదీలూ ఒకే పేజీలో పక్కపక్కన వేసి, ‘మేము మొదటి ప్రవేశం నాటి తేదీని స్థాపనగా తీసుకున్నాం’ అని ఒక్క వాక్యం రాస్తే వాదన అక్కడితో ఆగుతుంది.

కాలేజీలో కాగితం లేకపోతే వేరే దారులున్నాయి. తొలి రోజుల్లో పనిచేసినవాళ్ల సర్వీస్ రిజిస్టర్లో ‘ఫలానా తేదీ పూర్వాహ్నం చేరారు’ అన్న ఎంట్రీ ఉంటుంది. పదవీ విరమణ చేసినవాళ్ల ఇళ్లలో దాని నకలు దొరకడం మామూలే. అనుబంధ గుర్తింపు ఉత్తర్వు కోసం యూనివర్సిటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుం 10 రూపాయలు, గడువు 30 రోజులు, నకళ్లకు పేజీకి 2 రూపాయలు. ‘కాలేజీ చరిత్ర ఇవ్వండి’ అని అడిగితే ‘మా వద్ద అందుబాటులో లేదు’ అనే జవాబు వస్తుంది. ‘1964 నుంచి 1970 వరకు ఈ కాలేజీకి ఇచ్చిన అనుబంధ గుర్తింపు ఉత్తర్వుల నకళ్లు’ అని కాగితం పేరు పెట్టి, ఏళ్లు పెట్టి అడగండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు మీ మనిషిని ఒకసారి పంపండి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పాత దినపత్రికలు చూడటానికి రెండు రోజులు పెట్టుకోండి. ప్రారంభోత్సవం వార్త జీవో తేదీ తర్వాతి జూన్, జులై నెలల్లో వెతికితే త్వరగా దొరుకుతుంది.

మొదటి అధ్యాయంలో ఒక మాట తప్పక రాయండి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చినా, 1948 దాకా అక్కడ బోధన ఉర్దూలోనే. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తెలుగు బడి కూడా అరుదైన రోజులవి. పై చదువుకు హైదరాబాద్ పోవాలి, ఉండటానికి చోటు దొరకాలి. 1918లోనే మొదలైన రెడ్డి హాస్టల్ అందుకే అంత ముఖ్యమైంది. నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల 1956లో వచ్చింది. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ 1959లో వచ్చింది. మీ కాలేజీ ఆ వరుసలో తర్వాతి మెట్టు. ఇది చెప్పకుండా ‘1965లో స్థాపించబడింది’ అని మొదలుపెడితే, అంతకు ముందు ఏమి లేదో చదివేవాళ్లకు తెలియదు.

జవాబు 2: లెక్కలపుస్తకం

సంఖ్యల గురించి చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. పుస్తకం నిలబడేది ఇక్కడే.

విద్యార్థుల సంఖ్య అనేది ఒకటి కాదు. మంజూరైన సీట్లు, చేరినవాళ్లు, రోల్ మీద ఉన్నవాళ్లు, పరీక్ష ఫీజు కట్టినవాళ్లు, పాసైనవాళ్లు, ఇవన్నీ వేర్వేరు. 2016లో దోస్త్ వచ్చాక మరో రెండు మెట్లు కలిశాయి. ఉదాహరణకు 60 చొప్పున నాలుగు సెక్షన్లు, అంటే 240 సీట్లు అనుకుందాం. దోస్త్ 131 మందికి సీటు కేటాయించింది. అందులో 104 మంది ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేశారు. 92 మంది కాలేజీకి వచ్చి సర్టిఫికెట్లు ఇచ్చారు. మొదటి సెమిస్టర్ ఫీజు కట్టింది 85 మంది. మీ దగ్గర మూడు చోట్ల మూడు సంఖ్యలు కనబడటానికి కారణం ఇదే, ఎవరూ తప్పు రాయలేదు. అరవై ఏళ్లకూ ఒకే కొలత కావాలంటే ‘చేరినవాళ్లు’ తీసుకోండి, అది అడ్మిషన్ రిజిస్టర్‌లో మొదటి రోజు నుంచీ ఉంటుంది. ఐషే లెక్కలు 2010-11 నుంచే ఉన్నాయి, పైగా అందులో వచ్చేది మూడేళ్ల విద్యార్థులూ కలిసిన మొత్తం. చేరికల పక్కన దాన్ని పెట్టి పోల్చకూడదు.

ఇక రిజిస్టర్. పెద్ద సైజు లెడ్జర్, తెరిస్తే రెండు పేజీలకూ అడ్డంగా గడులు సాగుతాయి. ఎడమవైపు ప్రవేశ సంఖ్య, తేదీ, పేరు, తండ్రి పేరు, వృత్తి, ఊరు, మాతృభాష, పుట్టిన తేదీ. కుడివైపు అంతకు ముందు చదివిన చోటు, గ్రూపు, టీసీ నంబరు, తేదీ, రిమార్కులు. కుట్టు వదిలిన చోట కుడి పేజీ జారి వేరే ఏడాదిలో దూరుతుంది. అందుకని ఫొటో తీసేటప్పుడు రెండు పేజీలూ ఒకే ఫ్రేములో రావాలి, ప్రవేశ సంఖ్య కుడి పేజీతో సరిపోతోందా లేదా చూసుకోవాలి. కిటికీ పక్కన బల్ల వేసి, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను పేజీకి సమాంతరంగా స్టాండు మీద పెట్టి తీయండి. ఇద్దరుంటే, ఒకరు పేజీ తిప్పుతూ ఒకరు నొక్కుతూ, గంటకు వంద తెరుపులు తేలిగ్గా అవుతాయి. ఫైలు పేరులో ఏడాది, రిజిస్టర్ నంబరు, పేజీ నంబరు ఆ రోజే పెట్టేయండి. తర్వాత పెడదామనుకుంటే ఇక ఆ పని కాదు.

చిరిగిన చోట సెల్లోటేప్ వద్దు. నాలుగేళ్లకు జిగురు పసుపెక్కి, తీయబోతే సిరాతో సహా ఊడొస్తుంది. లామినేషన్ అసలే వద్దు. తడిసి అంటుకున్న పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి నీడలో ఆరబెట్టండి. వార్తాపత్రికలు పెడితే అచ్చు సిరా పేజీకి అంటుకుంటుంది.

అరవై ఏళ్లూ ఎక్కించడం ఐదు నెలల్లో కాదు. ఐదేళ్లకు ఒక ఏడాది తీయండి: 1965-66, 1970-71 ఇట్లా 2020-21 దాకా పన్నెండు, ఇప్పటిది కలిపితే పదమూడు. పేర్లు ఎక్కించకండి, మీకు వాటితో పనిలేదు. ఊరు, తాలూకా లేదా మండలం, గ్రూపు, మాధ్యమం, ఆడ లేక మగ, మాతృభాష, ముందు చదివిన చోటు, ఇవి చాలు. మక్తల్, నారాయణపేట వైపు పిల్లలుంటే మాతృభాష గడిలో కన్నడ, మరాఠీ కనబడతాయి. ఆ గడి వదలకండి. కులం, పుట్టిన తేదీ ఉన్న పేజీల ఫొటోలు పుస్తకంలో గానీ వాట్సాప్‌లో గానీ పెట్టొద్దు. మొత్తాలు మాత్రమే అచ్చు వేయండి.

జారిపడే చోట్లు కొన్ని ముందే చెబుతాను. మొదటి పేజీల్లో గ్రూపు గడిలో పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) అని ఉంటుంది. అప్పుడు ఒక ఏడాది పీయూసీ, ఆపైన మూడేళ్ల డిగ్రీ. 1969లో రెండేళ్ల ఇంటర్ వచ్చింది, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. తర్వాత జూనియర్ కాలేజీ విడిపోయిన ఏడాది డిగ్రీ కాలేజీ సంఖ్య ఒక్కసారిగా పడిపోతుంది. దాన్ని ‘కాలేజీ దెబ్బతిన్న కాలం’ అని రాసిన సావనీర్లు ఉన్నాయి. అది దెబ్బ కాదు, వేరు పడటం. మొదటి రిజిస్టర్ మీ బీరువాలో లేకపోతే కంగారు పడకండి, జూనియర్ కాలేజీ బీరువాలో చూడండి. విడిపోయినప్పుడు పాత రిజిస్టర్లు చాలాచోట్ల వాళ్ల వైపే ఉండిపోయాయి.

1969 ఉద్యమంలో చదువులు నెలల తరబడి ఆగాయి. 2010-11 విద్యా సంవత్సరం మలిదశ ఉద్యమం మధ్యలో ఉంది, 2020-21 కరోనా ఏడాది. మీరు ఎంచుకున్న వరుసలో ఈ రెండూ పడుతున్నాయి కాబట్టి 2012-13, 2022-23 కూడా తీసి పక్కన పెట్టండి.

టీసీ తేదీని చదువు ఆపిన తేదీగా లెక్కించొద్దు. మధ్యలో మానేసిన పిల్లలు అవసరం పడ్డప్పుడు, ఒక్కోసారి పదేళ్లకు, వచ్చి టీసీ తీసుకుంటారు. టీసీ గడి ఖాళీగా ఉన్నా మానేసినట్టు కాదు. ఎవరు పూర్తి చేశారన్నది తెలియాలంటే పరీక్షకు కూర్చునేవాళ్ల జాబితాలైన నామినల్ రోల్స్, ఫలితాల జాబితాలు చూడాలి. అట్లాగే తండ్రి వృత్తి గడిలో ‘వ్యవసాయం’ అని ఉంటుంది. యాభై ఎకరాల ఆసామికీ అదే మాట, రెండెకరాల మెట్ట ఉన్న రైతుకూ అదే మాట. దాన్ని బట్టి ‘పేద పిల్లలు ఇంత శాతం’ అని రాయలేరు. అందుకు స్కాలర్‌షిప్ రిజిస్టర్ కావాలి.

ఊళ్ల పేర్లు అన్నిటికన్నా ఎక్కువ సమయం తింటాయి. 1985కు ముందు తాలూకా, సమితి. ఆ తర్వాత మండలం. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడిపోయాయి, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లాయి. గద్వాల, ఆలంపూర్ 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉన్నవి. తొలి విద్యార్థుల పాత సర్టిఫికెట్లలో రాయచూరు అని ఉంటే పొరపాటనుకోకండి. కొల్లాపూర్, ఆలంపూర్ వైపు శ్రీశైలం ముంపులో పోయిన ఊళ్లు రిజిస్టర్‌లో బతికే ఉంటాయి. ఒక కాలమ్‌లో రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు రాసి, పక్క కాలమ్‌లో ఇప్పటి పేరు, 2011 జనగణన గ్రామ కోడ్ వేయండి. ఒకే పేరుతో మూడు నాలుగు ఊళ్లుంటాయి, కోడ్ లేకపోతే పటం మీద చుక్క వేరే మండలంలో పడుతుంది.

ఈ పటమే మీ పుస్తకానికి ప్రాణం. 1965-66లో చుక్కలు ఎక్కడున్నాయి, 1995-96కు ఎంత దూరం పాకాయి, ఆ దారిలో ఆర్టీసీ బస్సు ఎప్పుడు పడింది అన్నది ఒక్క పేజీలో కనబడుతుంది. పోల్చడానికి జిల్లా జనగణన హ్యాండ్‌బుక్కులు ఉన్నాయి, జనగణన శాఖ సైటులో ఉచితంగా దొరుకుతాయి. పట్టణాల పట్టికలో ఏ పట్టణంలో ఏ రకం కాలేజీలు ఎన్నో ఉంటుంది. 2011లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55.04 శాతం, నల్లగొండ 64.20 శాతం. ఆ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ అరవై ఏళ్లు తలుపులు తెరిచి ఉంచిందంటే ఏమిటో ఆ సంఖ్య పక్కన పెడితేనే అర్థమవుతుంది.

లైబ్రరీ అక్సెషన్ రిజిస్టర్‌ను ఎవరూ ముట్టుకోరు. మీరు ముట్టుకోండి. ఏ ఏడాది ఎన్ని పుస్తకాలు కొన్నారు, ఏ భాషలో, ఏ నిధితో అన్నీ తేదీల వారీగా ఉంటాయి. కేంద్ర నిధులకు అర్హత ఇచ్చే యూజీసీ చట్టం 2(ఎఫ్), 12(బి) గుర్తింపు వచ్చిన తర్వాతి ఏళ్లలో ఆ రిజిస్టర్ ఎట్లా లావెక్కిందో చూడండి. కాలేజీలకు నిధులిచ్చిన కేంద్ర పథకం రూసా కింద మౌలిక వసతుల నిధి వచ్చి ఉంటే, కొత్త కట్టడానికి 35, మరమ్మతుకు 35, పరికరాలకు 30 శాతం చొప్పున ఖర్చు పెట్టాలన్న నిబంధన ఉండేది. వినియోగ ధ్రువపత్రాలు తీస్తే ఏ గది ఎప్పుడు లేచిందో శిలాఫలకం లేకుండానే తెలుస్తుంది. కాలేజీల నాణ్యతకు గ్రేడు ఇచ్చే న్యాక్‌కు వెళ్లిన కాలేజీ అయితే స్వీయ అధ్యయన నివేదికలో ఐదేళ్ల లెక్కలు ఒకేచోట ఉంటాయి. వాటిని నేరుగా ఎత్తి రాయకండి, రిజిస్టర్‌తో సరిచూసుకుని రాయండి.

జవాబు 3: పహాణీ_నక్షా

భూమి సంగతి నేను చెప్త. మూడు కుటుంబాలు అంటున్నరంటే ముగ్గురూ అబద్ధం ఆడుతున్నరని కాదు. ఇరవై ఎకరాల జాగ ఒకే సర్వే నంబర్ల ఉండుడు అరుదు. ముగ్గురి పట్టాలు కలిసి ఉండొచ్చు, పక్కన కొంత సర్కారీ భూమి కూడా ఉండొచ్చు.

ముందుగాల సర్వే నంబర్లు పట్టుకోర్రి. ఇప్పటి రికార్డుల చూస్తే సరిపోదు, వెనక్కు పోవాలె. 1954-55 ఖాస్రా పహాణి నకలు తహసీల్ ఆఫీసుల దరఖాస్తు పెట్టి తీసుకోర్రి. అండ్ల ఒక్కో నంబరుకు పట్టాదారు ఎవరు, కబ్జాల ఎవరున్నరు, విస్తీర్ణం ఎంత అన్నది ఉంటది. దాని ముందటి సంగతికి సేత్వార్, అంటే నిజాం కాలం సర్వే రికార్డు, ఉంటది గని అది ఉర్దూల ఉంటది, ఫసలీ (రెవెన్యూ లెక్క) సంవత్సరాలు వేస్తరు. మన దిక్కు ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తది. చదివే పెద్దమనిషిని తోలుకొనిపోర్రి. ఖాస్రా తర్వాత 1965 నుంచి 1975 దాకా ఏడాది ఏడాది పహాణీలు తియ్యాలె. ఏ ఏడాది నుంచి రిమార్కుల గడిల ‘కాలేజీ’ అని పడ్డదో గదే మీకు కావాల్సిన సంవత్సరం.

విస్తీర్ణం రాసేటప్పుడు జాగ్రత్త. 40 గుంటలు ఒక ఎకరం, గుంటకు 121 గజాలు. పహాణిల ‘5-20’ అని ఉంటే అయిదెకరాల ఇరవై గుంటలు, అంటే అయిదున్నర. అయిదు పాయింట్ ఇరవై అని రాసి చాలామంది పన్నెండు గుంటలు మింగేస్తరు. నక్షా (పటం), టిప్పన్ (కొలతల కాగితం) కూడా తీసి గోడ లోపల ఎంత ఉన్నదో కొలిపించుర్రి. రోడ్డు వెడల్పు పనుల్ల పోయింది ఉంటే అది వేరే చూపాలె.

దాన పత్రం ఉన్నదా అని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల అడగుర్రి. ఆన్‌లైన్ల ఈసీ, అంటే ఆ భూమి మీద అయిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తది. మీది 1960ల సంగతి కాబట్టి చేత్తో వెతికించాలె, ఊరి పేరు, ఇచ్చినాయన పేరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది రాసి ఇయ్యాలె. దొరకకపోతే రెండు దారులుంటయి. సర్కారు పరిహారం కట్టి తీసుకున్న భూమి అయితే భూసేకరణ అవార్డు ఉంటది, అప్పుడు అది దానం కాదు. నోటి మాటగ ఇచ్చింది అయితే అప్పగింత పంచనామా ఉండాలె, సాక్షుల సంతకాలు ఉంటయి.

పుస్తకంల మాట జాగ్రత్తగ వాడుర్రి. పత్రం ఉంటే ‘దాన పత్రం ద్వారా ఇచ్చారు’ అని రాయుర్రి. పహాణి ఒక్కటే ఉంటే ‘ఖాస్రా పహాణి ప్రకారం ఈ నంబరు పట్టాదారు ఫలానా’ అని రాయుర్రి, దానం అనే మాట తేవొద్దు. ఏదీ లేకపోతే ‘కుటుంబ సభ్యులు చెప్పిన ప్రకారం’ అని రాయుర్రి. ఒక ఇంటి పేరు ఎక్కువ చేసి ఇంకో ఇంటి పేరు తక్కువ చేస్తే ఆ ఊర్ల అది ముప్పై ఏళ్లు నలుగుతది.

ఇంకొక సంగతి, పుస్తకం కన్న పెద్దది. ఇచ్చినాయన పేరే ఇప్పటికీ పట్టాదారు గడిల ఉన్నదా చూడుర్రి. ఉంటే వారసులకు పాసు పుస్తకం వచ్చే ప్రమాదం ఉన్నది. 2025 ఏప్రిల్ నుంచి భూభారతి అనే కొత్త భూ రికార్డుల చట్టం నడుస్తున్నది. ప్రిన్సిపాల్ సారుతోని కాలేజీ పేరు మీద సవరణకు దరఖాస్తు పెట్టించుర్రి. శివారు జాగ ధర పెరిగినంక అడిగితే ఎవరూ ఇనరు.

జవాబు 4: మూసీ_నుంచి_మిషిగన్

కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు గురించి. నాకైతే టైటిల్‌లో వద్దనిపిస్తుంది. లోపల ఒక పోలికగా వాడితే చాలా బాగుంటుంది.

అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికన్నా పాత ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ జోలియెట్ జూనియర్ కాలేజీ. 1901లో, షికాగో దగ్గర జోలియెట్ పట్టణంలో, ఒక హైస్కూల్లోనే ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. మీ కాలేజీ బజారు హైస్కూల్ గదుల్లో పుట్టిందన్నారు కదా, పోలిక అక్కడే కుదురుతుంది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ నివేదికతో ‘కమ్యూనిటీ కాలేజీ’ అన్న మాట జనంలోకి వచ్చింది. 1960లలో ఒక్క దశాబ్దంలోనే నాలుగు వందలకు పైగా కొత్తవి తెరిచారు. చాలా వాటికి శివార్లలో విశాలమైన జాగా దొరికింది. పిల్లలు ఇంటి నుంచి వచ్చి చదువుకుని పోతారు, చాలాచోట్ల హాస్టళ్లు ఉండవు.

తేడాలు కూడా చెప్పాలి. అక్కడ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. దాంతో యూనివర్సిటీ మూడో ఏడాదిలో చేరొచ్చు, లేదా వృత్తి సర్టిఫికెట్ తీసుకుని పనిలో చేరొచ్చు. చాలా రాష్ట్రాల్లో స్థానిక కాలేజీ డిస్ట్రిక్ట్ ఉంటుంది, ఆ ప్రాంతం ఆస్తి పన్నులో వాటా వస్తుంది, పాలకమండలిని ఓటర్లు ఎన్నుకుంటారు. మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీ మూడేళ్లది, జీతాలు రాష్ట్ర ఖజానావి, సిలబస్, పరీక్షలు యూనివర్సిటీవి. ఊరి చేయి పడేది స్థలం ఇవ్వడంలో, కాలేజీ అభివృద్ధి మండలి సీపీడీసీలో, దాతల గదుల్లో.

పైగా మన దేశంలో ఆ పేరుకు వేరే అర్థం స్థిరపడింది. 1995లో పాండిచ్చేరి యూనివర్సిటీ కమ్యూనిటీ కాలేజీ పెట్టింది. పన్నెండో ప్రణాళిక కాలంలో యూజీసీ అదే పేరుతో ఒక పథకం తెచ్చింది, మామూలు కాలేజీల్లోనే నైపుణ్య డిప్లొమాలు నడపడానికి. మీ టైటిల్ చూసిన అధ్యాపకులు ఆ పథకం గురించి అనుకుంటారు. ‘శివారు కాలేజీ’ చాలు. మన తెలుగులో ఆ మాటకు బరువుంది: ఊరు ఎక్కడ అయిపోయి చెలకలు మొదలయ్యేవో అక్కడ కట్టిన కాలేజీ, ఇప్పుడు ఊరే దాని చుట్టూ పెరిగింది.

బస్సు సంగతి రాసేటప్పుడు 2023 డిసెంబర్ 9 నుంచి వచ్చిన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం కూడా చూడండి. అమ్మాయిలు వచ్చే ఊళ్ల దూరం అంతకు ముందు, ఆ తర్వాత ఎంత? మారితే సంఖ్యలు పక్కపక్కన పెట్టండి. కారణం అదొక్కటే అని మాత్రం తీర్పు ఇవ్వకండి. సీట్ల కేటాయింపు, హాస్టల్ గదులు, పక్కన ఇంకో కాలేజీ మూతపడటం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి.

వజ్రోత్సవం_పాలమూరు

ఒక్కొక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రికార్డుగది గారూ, లెక్కలపుస్తకం గారూ, మీ జవాబులు ప్రింటు తీసి కమిటీకి ఇచ్చాం. జూనియర్ కాలేజీ బీరువాలో మొదటి రిజిస్టర్ నిజంగానే దొరికింది. పహాణీ అన్నా, ఖాస్రా నకళ్లకు దరఖాస్తు పెట్టాం. మిగిలినవి రెండే. పాత విద్యార్థులను అడిగితే ఏళ్లు కలవడం లేదు, ఒకే సంఘటనను ఒకరు 78 అంటే ఇంకొకరు 83 అంటారు. రెండోది, యూనివర్సిటీ మారిన ఏడాది ఏది అని రాయాలి?

జవాబు 5: రికార్డుగది

రెండోది ముందు. పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చింది, నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007లో. కానీ యూనివర్సిటీ పుట్టిన ఏడాదే మీ కాలేజీ మారిన ఏడాది అని రాయొద్దు. అనుబంధం బదిలీ అయిన ఉత్తర్వు తేదీ వేరు, కొత్త యూనివర్సిటీ పేరుతో మొదటి బ్యాచ్ పరీక్ష రాసిన తేదీ వేరు. నామినల్ రోల్ పైభాగాన ఏ యూనివర్సిటీ పేరు ఉందో ఏడాదివారీగా చూస్తే రెండూ తేలిపోతాయి. మార్పు కాలంలో ఒకే ఏడాదిలో సీనియర్లది ఒక యూనివర్సిటీ, జూనియర్లది ఇంకొకటి ఉందేమో కూడా అందులోనే కనబడుతుంది.

జ్ఞాపకాల సంగతి. మనిషిని ఏడాది అడిగితే తప్పుతాడు, దేనికి ముందు, దేనికి తర్వాత అని అడిగితే తప్పడు. మన దిక్కు మంచి గుర్తులున్నాయి. స్కైలాబ్ పడుతుందని ఊళ్లన్నీ బెదిరింది 1979 జులై. సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16, పట్టపగలు చీకటి పడ్డ రోజు. ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి అయింది 1983 జనవరి. ఇందిరాగాంధీ హత్య 1984 అక్టోబర్ 31. మండలాలు వచ్చింది 1985. కృష్ణ, తుంగభద్ర పొంగి ఆలంపూర్ వైపు ఊళ్లు మునిగింది 2009 అక్టోబర్ మొదటి వారం. ‘గ్రహణం నాడు మీరు కాలేజీలో చేరి ఉన్నారా, ఇంకా బడిలోనా?’ అని అడగండి, 78కీ 83కీ మధ్య తగవు అక్కడే తీరుతుంది.

‘కాలేజీ రోజులు ఎట్లుండేవి’ అని అడిగితే ఎవరైనా ‘బంగారు రోజులు’ అంటారు, అది ఎందుకూ పనికిరాదు. ఏ బస్సుకు వచ్చేవారు, ఎక్కడ దిగి ఎంత దూరం నడిచేవారు, రూము కిరాయి ఎంత, ఇంటి నుంచి బియ్యం తెచ్చుకునేవారా, కెమిస్ట్రీ ల్యాబులో నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి, ఇట్లాంటివి అడగండి. ఫోన్ రికార్డర్‌ను మాట్లాడేవారికి అడుగు దూరంలో పెట్టి ఫ్యాను ఆపండి. మొదట్లోనే పేరు, ఊరు, ఏ బ్యాచ్, అచ్చు వేయడానికి ఒప్పుకుంటున్నామన్న మాట వాళ్ల నోటితోనే రికార్డు చేయండి. ప్రొఫెసర్లనే కాకుండా అటెండర్‌ను, గేటు దగ్గర టీ కొట్టు నడిపినవాళ్లను, ల్యాబ్ అసిస్టెంట్‌ను కూడా పట్టుకోండి. ఏ గది ఎప్పుడు లేచిందో, ఏ చెట్టు ఎవరు పెట్టారో వాళ్లకే తెలుసు.

జవాబు 6: డీటీపీ_నల్లగొండ

అచ్చు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు మాటలు. పేజీలు 16 గుణిజంలో ఉండాలి, మీ 160 సరిగ్గా కుదిరింది. మ్యాటర్ యూనికోడ్‌లో టైపు చేస్తారు, ప్రెస్సులో యూనికోడ్ కాని అను ఫాంట్‌కు మారుస్తారు. ఆ మార్పిడిలో కొన్ని ఒత్తులు, పొల్లు అక్షరాలు, అంకెల మధ్య గీతలు చెడిపోతాయి. ‘1965-66’ లాంటివి, ‘5-20’ లాంటి విస్తీర్ణాలు మార్చిన తర్వాత కాగితం మీద ఒక్కొక్కటీ దిద్దండి, స్క్రీను మీద చూస్తే జారిపోతాయి. పట్టికలను మార్పిడికి ఇవ్వకుండా ప్రెస్సులోనే కొత్తగా కొట్టించండి.

పాత ఫొటోలు ఫోన్‌తో తీసినవి పనికిరావు. స్కానర్ మీద పెట్టి, పాస్‌పోర్టు సైజువి 600 డీపీఐలో, పెద్దవి 300లో తీయించండి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, తేదీ, పేర్లు అక్కడే ఉంటాయి. గ్రూప్ ఫొటో కింద పేర్లు ‘ఎడమ నుంచి కుడికి’ రాసేటప్పుడు ఇద్దరు వేర్వేరు బ్యాచ్‌మేట్లతో గుర్తు పట్టించండి. ఇద్దరూ ఒకే పేరు చెప్పని మనిషి దగ్గర ఖాళీ వదిలి, పుస్తకం చివర ఫోన్ నంబరు ఇచ్చి ‘తెలిసినవారు చెప్పండి’ అని అడగండి. రెండో ముద్రణకు ముందే పేర్లన్నీ వచ్చేస్తాయి.